గుండ్రటి బ్రష్షు

ఏప్రిల్ చివర. మేకలు లోపలి ఉన్ని వదిలే రోజులు.
ఒకదాని కాళ్ళు కట్టి పడుకోబెట్టి
మెడ దగ్గర మొదలుపెట్టానో లేదో
గుడారం తలుపు తోసుకుని బయటికొచ్చింది
బడి హాస్టల్ నుంచి సెలవులకొచ్చిన నొమున్‌దారి.
చెవి పక్కన గులాబిరంగు పిడి ఒకటి వేలాడుతూంది.

"అవ్వా, రావట్లేదు."

గుండ్రటి బ్రష్షు.
ముళ్ళపంది పిల్ల ఒకటి జడ పట్టుకుని పాకి
చెంప దగ్గర నిద్రపోయినట్టుంది.
ముప్పై వేల తుగ్రిక్కులట!
తిప్పుతూ దువ్వితే జుట్టు అలలు తేలుతుందని
అమ్మినావిడ చెప్పిందట.
అలలు.
సముద్రం చుక్కైనా లేని దేశంలో.

పక్క గుడారం దూల్మా కత్తెర తెచ్చింది.
మంచి మనిషే పాపం, తొందరెక్కువ.
కత్తెర తీసుకుని నా తొడ కింద పెట్టుకు కూర్చున్నాను.
మేక కట్లు విప్పేశాను.
ఒకవైపు బొద్దుగా, ఒకవైపు బక్కగా
అది తలెత్తకుండా మందలోకి నడిచిపోయింది.
దాని చోట్లో పిల్లని కూర్చోబెట్టాను.
"నా కాళ్ళు కట్టవు కదా?"
నవ్వొచ్చింది గాని నవ్వలేదు.

గొర్రెతోక కొవ్వు కాస్త కరిగించి
చిక్కు పొడవునా వేళ్ళతో పట్టించాను.
వాసనకి ముక్కు మూసుకుంది.
మూసుకోనీ.
గోనెలు కుట్టే లావు సూదితో
ఒక్కో వెంట్రుకనీ ముళ్ళ మీంచి ఎత్తుతూ,
చేతులు ఊరుకుంటే నోరు ఊరుకోదు కదా, చెప్పుకుపోయాను:

ఇదిగో ఈ ఇనుప దువ్వెన, కొసలు వంచిన పళ్ళు.
మేక తనంతట తాను వదిలేసిందే దీనికి అందాలి.
తొందరపడి మార్చిలోనే దువ్వినవాడు
నెత్తురు కళ్ళజూస్తాడు.
నీ బ్రష్షుదీ తప్పేం లేదు,
మెడ దాటని జుట్టుకి, ఆరిన జుట్టుకి,
వేడిగాలి ఊదే మిషను ఇంకో చేతిలో ఉన్నవాళ్ళకి చేశారు దాన్ని.
నీది నడుం దిగిన జుట్టు, గుర్రంతోకంత మొండిది,
పైగా తల తడిపి మరీ తిప్పావు.
జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుందంటారు.
నిజమే. ఏ దువ్వెనైనా మాత్రం పట్టదు.

టీ రెండుసార్లు కాగింది, రెండుసార్లు చల్లారింది.
చివరికి బ్రష్షు ఊడొచ్చింది,
గుప్పెడు వెంట్రుకలు మింగి.
పిల్ల వాటికేసి చూసి గుటక వేసింది.

అప్పుడు తీశాను, యాక్ కొమ్ము దువ్వెన.
ఇరవై మూడు పళ్ళలో ఇరవై ఒకటి మిగిలాయి.
నా నోటికంటే నయం.
ఆ పోయిన రెండూ నా చెల్లెలి తల్లోనే విరిగాయి.
బయట లారీ హారన్ కొడుతూంటే
నడినెత్తిన గుచ్చి కిందికి లాగాను.
సగం జడతో, ఏడుపు మొహంతో బడికెళ్ళింది.
ఇప్పుడది డార్ఖాన్‌లో మనవల్ని ఎత్తుకుంటూ
ఫోన్ చేసినప్పుడల్లా ఆ రెండు పళ్ళూ లెక్క అడుగుతుంది.

అందుకే, కింది నుంచి.
జానెడు జుట్టు, అంతే.
పాయని పైన పిడికిట్లో బిగించు,
గుంజు అక్కడే ఆగిపోవాలి, కుదురుకి కబురు చేరకూడదు.
అది జారిందా, ఇంకో జానెడు పైకి.
చిక్కుకి వాకిలి కిందే ఉంటుంది.

చెవి దాటాక మెల్లగా చెప్పింది:
తరగతి ఫొటో ఉందని,
సోలోంగో జుట్టుకి అలలున్నాయని.
ముందే చెప్పి ఏడవొచ్చుగా!
ఆ రాత్రి తడి మీదే
పదిహేడు సన్నజడలు అల్లాను.
తెల్లారి విప్పితే
అద్దం దగ్గర్నుంచి కదిలితే ఒట్టు.

బ్రష్షుతో ఇప్పుడు
నా టోపీ నక్కతోలు దువ్వుతున్నాను.
దాని కోసమే చేసినట్టుంది.
సగం దువ్విన మేక మాత్రం
మూడు రోజులైనా
నా చేతికి చిక్కలేదు.